పాత యానిమేషన్ లఘుచిత్రాలు: గొప్పతనమా, పాత అన్న మోజా?

వెండితెర: ఎవరికీ అంతగా తెలియని పాత యానిమేషన్ చిత్రాలను ఆకాశానికెత్తడం ఈ మధ్య ఎక్కువైంది. 1912లో రష్యాలో స్టారెవిచ్ అనే దర్శకుడు తీసిన ‘కెమెరామన్ ప్రతీకారం’ చూశాను. మూగ చిత్రం, పురుగుల బొమ్మలు. చిన్ననాటి మమకారం తప్ప ఇందులో ఏముంది?

తూనీగ: 1912 చిత్రం మీద మనలో ఎవరికండీ చిన్ననాటి మమకారం? దూరదర్శన్‌లో ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’ యానిమేషన్ చూసి పెరిగినవాళ్లను అనండి, ఒప్పుకుంటాను. ఇక్కడ పట్టు కథలో ఉంది. పెంకుపురుగుగారు పని వంకతో పట్నం వెళ్లి నాట్యకత్తె తూనీగతో సరసాలాడతాడు, అడ్డొచ్చిన మిడతను తన్ని తగిలేస్తాడు. ఆ మిడత కెమెరామన్! సైకిలెక్కి వెంటపడి, హోటల్ గది తాళం కన్నంలోంచి అంతా చిత్రీకరిస్తాడు. పురుగుగారు ఇల్లు చేరేసరికి భార్య ఒక చిత్రకారుడితో ఉంటుంది. వాణ్ణి చితకబాది, ఆమెను పెద్దమనసుతో క్షమించి సినిమాకు తీసుకెళ్తాడు. తెర మీద ఆయన బాగోతమే! భార్య గొడుగు అందుకుంటుంది.

వెండితెర: ఈ కథను నటులతో తీసినా నవ్వొస్తుంది. పురుగులెందుకు?

రీలుడబ్బా: కిటుకంతా అక్కడే ఉంది. లిథువేనియాలోని కౌనాస్‌లో మ్యూజియం చూసుకునే రోజుల్లో స్టారెవిచ్ కొమ్ముల పురుగుల పోట్లాట తీయబోయాడు. దీపాల వెలుగులో అవి కదలనే లేదు. దాంతో చచ్చిన పురుగుల కాళ్లు తీసేసి, వాటి బదులు తీగలను మైనంతో అతికించి, ఫ్రేము ఫ్రేముకూ కాస్తంత కదుపుతూ తీశాడు. పురుగు ముఖంలో హావభావాలు పలకవు. నటుడైతే కళ్లెగరేసి అతి చేసేవాడు. ఈ పెంకుపురుగు మాత్రం ఎంత తప్పుడు పని చేస్తున్నా ఊరి పెద్దమనిషిలా గంభీరంగానే ఉంటాడు. నవ్వు అందుకే వస్తుంది. అలాగని పాతవన్నీ బంగారమని నేననను. పరిగెత్తడం, పడటం తప్ప ఇంకేమీ లేనివి బోలెడు, మూడో నిమిషానికే ఆవలింతలు.

వెండితెర: అంటే ఇది బాగున్నది స్టారెవిచ్ వల్ల, పాతదైనందుకు కాదు. మరి ‘పాత లఘుచిత్రాలు’ అంటూ కట్టగట్టి పొగడటమెందుకు? పేరుపేరునా చెప్పండి, చూస్తాను.

రీలుడబ్బా: నటులన్నారుగా, కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ అనే దర్శకుడు 1952లో తీసిన ‘నైబర్స్’ చూడండి. ఒక్క పువ్వు కోసం కొట్టుకునే ఇరుగుపొరుగు. నిజమైన మనుషులనే బొమ్మల్లా ఫ్రేము ఫ్రేముకూ కదిపించాడు. ఎనిమిది నిమిషాలే. చూశాక రండి, వాదించుకుందాం.