అప్‌డేట్: అమ్మతో రామప్ప, వరంగల్ ఒక్కరోజు ట్రిప్

మోకాళ్ల నొప్పులున్న అమ్మతో రామప్ప, వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట ఒక్కరోజులో చూడొచ్చా అని అడిగాను కదా. చూసొచ్చాం! దూరంగా ఉన్న రామప్పకే ముందు వెళ్లమన్న సలహా బాగా పనికొచ్చింది. ఎండ ముదరకముందే రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరాం.

1213 నాటి గుడి, ఎత్తైన పీఠం మీద ఉంటుంది. మెట్లు చూసి నాకు టెన్షన్, అమ్మ మాత్రం నా భుజం పట్టుకుని మెల్లగా ఎక్కేసింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయని గైడ్ చెబుతుంటే అమ్మ అస్సలు వినలేదు. చూరు కింద నల్లరాతి మదనికల్లో (స్త్రీ శిల్పాల్లో) ఒకామె ఎత్తు మడమల చెప్పులు వేసుకుని ఉంది, అమ్మ అక్కడే ఆగిపోయింది. "ఆ రోజుల్లోనే హైహీల్సా!" అని ఒకటే నవ్వు. నందినైతే పిలిస్తే లేచి వచ్చేస్తుందేమో అనిపించేలా చెక్కారు.

తర్వాత హనుమకొండలోని వేయి స్తంభాల గుడిలో శివుడు, విష్ణువు, సూర్యుడి గర్భగుడులు గబగబా చూశాం. అప్పటికే మధ్యాహ్నం, కాళ్ల కింద రాయి కాలిపోతోంది. సాక్సులు తెచ్చుకోమని ఎవరో రాశారు, నేనే పట్టించుకోలేదు.

వరంగల్ కోటలో అమ్మ చెట్టు నీడన కూర్చుంది. నాలుగు కీర్తి తోరణాలూ (పెద్ద రాతి ద్వారాలు) నేనొక్కదాన్నే తిరిగి చూశాను.