అప్‌డేట్: బరంపురం కల్యాణ మండపంలో వెనక వరసలకీ హరికథ వినిపించింది

పోయిన ఉగాదికి వెనక కూర్చున్నవాళ్లకి మాట తెలియలేదు, ఈసారి స్పీకర్ బాక్సులు ఎక్కడ పెట్టాలని ఇక్కడ మిమ్మల్ని అడిగింది నేనే. మొన్న కార్యక్రమం అయిపోయింది.

మీరు చెప్పినట్టే ఈజ్ ఫోకస్‌లో (బాక్సుల ధ్వని హాల్లో ఎక్కడ ఎంత ఉంటుందో లెక్కేసి చూపే సాఫ్ట్‌వేర్) హాలు గీశాను. మొదటి మ్యాప్‌లో ముందు వరసలు ఎర్రగా మండిపోతున్నాయి, వెనకంతా నీలం, అంటే ముందు మోత, వెనక సన్నం. దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పడిపోతుంది కదా. 5 మీటర్ల దగ్గరివాళ్లకీ 20 మీటర్ల దగ్గరివాళ్లకీ 12 తేడా. బాక్సులు ఎత్తుకి లేపి, మూతి కిందికి వంచితే కొంత సర్దుకుంది. మిగతాదానికి 17.5 మీటర్ల దగ్గర రెండు చిన్న బాక్సులు. 30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకి సుమారు 350 మీటర్లు, అంటే ముందు బాక్సుల ధ్వని అక్కడికి చేరడానికి 50 మిల్లీసెకన్లు; రెండూ కలిసి వినిపించాలని చిన్న బాక్సులకి అంత డిలే (ఆలస్యం) పెట్టాను. మాట స్టేజీ నుంచే వస్తున్నట్టుండాలని ఇంకో 10 కలిపాను.

ఒకచోట బోల్తాపడ్డాను. ఆ సాఫ్ట్‌వేర్ నేరుగా వచ్చే ధ్వనినే లెక్కేస్తుంది, ప్రతిధ్వని దానికి పట్టదు. తెరమీద అంతా పచ్చగా ఉంది, హాల్లో చప్పట్లు కొడితే వెనక గోడ తిరిగి కొట్టింది! టెంటుహౌస్ పరదాలు తెచ్చి, గోడకి జానెడు ఎడంగా, కుచ్చిళ్లతో వేలాడదీశాం.

రాత్రి పదికి ముందే మైకు కట్టేశాం. గుమ్మం దగ్గర కూర్చున్న మా అత్త, “ఈసారి పిట్టకథ కూడా తెలిసిందిరా” అంది.