కీమో మధ్యలో ఉన్న నాన్నను మంచం దించడం ఎలా?

ప్రశ్న:
నాన్నకు పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ అయింది, ఆక్సాలిప్లాటిన్ అనే మందుతో కీమో నడుస్తోంది. విరేచనాలతో బాగా నీరసపడితే చెన్నైలో ఆసుపత్రిలో చేర్చాం. ఇప్పుడు తగ్గుముఖం పట్టింది. డాక్టరు గారు రౌండ్లకు వచ్చినప్పుడల్లా "నడిపించండి" అంటున్నారు. నెల్లూరు నుంచి చూడటానికి వచ్చిన బంధువులేమో "ఈ స్థితిలో నడకేమిటి, పడుకోనివ్వండి" అంటున్నారు. అమ్మ అన్నీ మంచం దగ్గరికే అందిస్తోంది. ఎంత నడిపించాలి? ఆయనను ఎలా ఒప్పించాలి?

జవాబు (ఫిజియోథెరపిస్టు, చెన్నై):
మీ డాక్టరు గారి మాటే వినండి. కీమో అలసట పడుకుంటే తీరేది కాదు. పడుకున్నకొద్దీ తొడల కండ కరుగుతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

నడక సంగతి తర్వాత. రేపు ఇడ్లీ మంచం మీద పెట్టకండి, కుర్చీలో కూర్చోబెట్టి తినిపించండి. దించేముందు కాళ్లు కిందికి వేలాడేసి కాసేపు ఉంచండి. కళ్లు తిరగడం లేదంటేనే నిలబెట్టండి. ఆక్సాలిప్లాటిన్ తీసుకునేవారికి చల్లనిది తగిలితే వేళ్లు జివ్వుమంటాయి. ఏసీ గదిలో ఉత్త పాదం గచ్చుకు ఆనగానే వెనక్కి లాక్కుంటారు, ఇంట్లోవాళ్లు అది మొండితనం అనుకుంటారు. మేజోళ్లు తొడిగి, మడమకు పట్టీ ఉన్న, జారని చెప్పులు వేయండి. సెలైన్ స్టాండుకు చక్రాలుంటాయి, దాని మీద బరువు మోపనివ్వకండి. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. కొద్దికొద్దిగా, రోజుకు నాలుగైదు సార్లు.

జ్వరం, రక్తస్రావం, ఛాతీనొప్పి ఉన్నా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా డాక్టరును అడగకుండా లేపవద్దు.

ఒప్పించడం అమ్మగారి చేతిలోనే ఉంది. మన కుటుంబాల్లో ప్రేమంతా మంచం దగ్గరికి అందించడంలోనే కనిపిస్తుంది. నాన్నగారి పేపరు, కళ్లజోడు కిటికీ దగ్గర పెట్టమనండి. నీళ్లు మాత్రం చేతికి అందేలా ఉండాలి.

జవాబు (ఇదే జబ్బు నుంచి కోలుకున్న వ్యక్తి, వేళచ్చేరి):
నాకు ధైర్యం ఇచ్చిన విషయం చెబుతాను. 2025లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పెద్దపేగు క్యాన్సర్ మీద ఒక పరిశోధన వచ్చింది. కీమో ముగించుకున్న 889 మందిని తీసుకున్నారు. మూడేళ్ల పాటు శిక్షకుల సాయంతో వ్యాయామం చేసినవారిలో ఎనిమిదేళ్ల తర్వాత 90 శాతం మంది బతికి ఉన్నారు. పుస్తకాలు మాత్రమే ఇచ్చిన రెండో వర్గంలో 83 శాతం. నేను రోజూ సాయంత్రం బీసెంట్ నగర్ బీచ్ పక్కన నడుస్తాను. నాన్నగారికి చెప్పండి, ఇది కాలక్షేపం కాదు, చికిత్సలో భాగమే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. లేచేటప్పుడు కుట్లు వేసిన చోట లాగుతోందని భయపడుతున్నారు.

ఫిజియోథెరపిస్టు:
పడుకున్నవారిని నేరుగా పైకి లేపవద్దు. మోకాళ్లు మడిచి పక్కకు ఒత్తిగిల్లమనండి, కాళ్లు కిందికి జార్చి మోచేతి ఊతంతో లేవమనండి. దగ్గు వస్తే చిన్న దిండు పొట్టకు అదుముకోవాలి. నొప్పి మరీ ఎక్కువైతే నర్సుకు చెప్పండి.