కర్రపెండలం ఆకు ఏపుగా ఉంది, దుంప ఊరడం లేదు

రంగంపేట కుర్రాడు:
అన్నలూ, మాది ఎర్ర గరప నేల. జూన్‌లో కర్రపెండలం నాటాం. మొక్క మనిషెత్తు దాటింది, ఆకు నల్లగా నిగనిగలాడుతోంది. నిన్న ఒక మొక్క కింద తవ్వి చూస్తే దుంపలు బొటనవేలంత లావే ఉన్నాయి. అడుగు ఆకుల అంచులు మాత్రం పసుపు తిరిగి మాడుతున్నాయి. దుక్కిలో డీఏపీ వేశాం, ఆ తర్వాత అంతా యూరియానే. ఎరువుల కొట్టులో ఇంకో కట్ట యూరియా వేయమంటున్నారు. వేయమంటారా?

పెద్దాపురం రైతు:
వద్దు తమ్ముడూ, ఆ కట్ట కొనకు. యూరియాలో ఉన్నది 46 శాతం నత్రజని, అంతే. అది ఎక్కువైతే మొక్క తిన్నదంతా కొమ్మకీ ఆకుకీ పెట్టేస్తుంది, దుంపకి మిగలదు. ఆకు తయారుచేసిన పిండిపదార్థం కిందికి దిగి దుంపలో చేరాలంటే పొటాష్ ఉండాలి. నువ్వు చెప్పిన అడుగు ఆకుల మాడు దాని లోపంలాగే ఉంది. పొటాష్ చాలనప్పుడు మొక్క ముదురాకుల్లోంచి లాగి లేతాకులకు ఇచ్చుకుంటుంది, అందుకే మాడు కింద నుంచి మొదలవుతుంది. డీఏపీలో పొటాష్ అసలు లేదు. పైగా మన గరప నేల పోషకాలను గట్టిగా పట్టుకోలేదు, నాలుగు గట్టి వానలు పడితే కిందికి కొట్టుకుపోతాయి. దుంప తవ్వి బండికెత్తిన ప్రతిసారీ బోలెడు పొటాష్ చేను దాటిపోతుంది. పెండలం మీద పెండలం వేసే చేలల్లో దిగుబడి పడిపోతోందంటే నేను ముందు అనుమానించేది దీన్నే.

తిరువనంతపురం దుంప పంటల పరిశోధన సంస్థ హెక్టారుకి నత్రజని 100, భాస్వరం 50, పొటాష్ 100 కిలోలు చెబుతుంది. ఎకరానికి లెక్కేస్తే యూరియా 87, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) 125, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 67 కిలోలు. సూపర్ అంతా దుక్కిలోనే. యూరియా, పొటాష్ సగం నాటేటప్పుడు, మిగతా సగం రెండు నెలల్లోపు కలుపు తీసి మట్టి ఎగదోసేటప్పుడు. పశువుల ఎరువు ఎకరానికి 5 టన్నులు తోలుకుంటే ఇంకా మేలు.

గొల్లప్రోలు అక్క:
మాడిన ఆకు ఒక్కటే చూసి తీర్మానించకు తమ్ముడూ, మట్టి పరీక్ష చేయించు. చేలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతు మట్టి తీసి కలిపి ఇవ్వు. ఈమధ్యే ఎరువు చల్లిన చోట, గట్ల పక్కన తీయకు.

రంగంపేట కుర్రాడు:
ఇప్పుడు పొటాష్ వేస్తే ఈ పంటకి అందుతుందా అన్నా?

పెద్దాపురం రైతు:
పోయిన రోజులు తిరిగిరావుగానీ, తవ్వడానికి ఇంకా నెలలున్నాయి కాబట్టి కొంతైనా అందుతుంది. నేల తడిగా ఉండగా, మొదలుకి జానెడు దూరంలో వేసి మట్టి కప్పు. బెట్టలో మాత్రం వేయకు.