అప్‌డేట్: అమ్మ థైమస్ గడ్డ ఆపరేషన్ అయింది

అమ్మకి మయస్థీనియా గ్రావిస్ (కండరాలు బలహీనపడే జబ్బు) ఉందని, సీటీ స్కాన్‌లో ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో గడ్డ కనబడిందని, అది తీసేస్తే జబ్బు కూడా పోతుందా అని ఇంతకుముందు అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఆపరేషన్ అయింది. థైమోమా (థైమస్‌లో పుట్టే కణితి), కణాల తీరును బట్టి బీ2 రకం, ఎంత పాకిందో చెప్పే మసావొకా లెక్కలో రెండో దశ అని రిపోర్టు వచ్చింది. గడ్డ అంచుల్లో ఏమీ మిగలకుండా పూర్తిగా వచ్చేసిందట. సర్జన్ నొక్కి చెప్పింది ఇదే: ఎంత దూరం పాకింది, మొత్తం తీయగలిగారా అన్నవే అన్నిటికన్నా ముఖ్యం.

ఇక నా అసలు ప్రశ్న. గడ్డ తీసినంత మాత్రాన మయస్థీనియా పోదు. నరాల నుంచి కండరాలకు సంకేతం అందించే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ల మీద దాడి చేసే యాంటీబాడీలు రక్తంలో ఇంకా ఉంటాయి. తగ్గితే నెలలు, ఏళ్ల మీద తగ్గుతుంది. కొందరికి మందులు ఎప్పటికీ తప్పవు. మయస్థీనియాకి థైమస్ తీసేయడం మీద 2016లో వచ్చిన పెద్ద ట్రయల్ చూసి నేను ఆశపడ్డాను గానీ, అందులో థైమోమా ఉన్నవాళ్లని తీసుకోనేలేదు! అమ్మకి ఆ ఫలితాలు అన్వయించుకోవద్దని న్యూరాలజిస్ట్ అన్నారు.

అసలు టెన్షన్ అంతా ఆపరేషన్ ముందే. ఊపిరి కండరాలు దెబ్బతినకుండా ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కించి, మింగడం కుదురుకున్నాకే డేటు ఇచ్చారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇది ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. కొన్ని యాంటీబయాటిక్స్, మెగ్నీషియం ఇంజెక్షన్ బలహీనతను పెంచుతాయి.

ఇప్పుడు మాట స్పష్టంగా ఉంది, సాయంత్రానికి రెప్ప మాత్రం ఇంకా వాలుతోంది. పిరిడోస్టిగ్మిన్ (కండరాల బలానికి), ప్రెడ్నిసలోన్ (స్టెరాయిడ్) నడుస్తున్నాయి. థైమోమా చాలా ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు కాబట్టి స్కాన్లు తప్పవు. రేడియేషన్ సంగతి ఇంకా తేల్చలేదు.