ఎల్ఎల్ఎం ఏజెంట్లు వచ్చాక సెమాంటిక్ వెబ్ మీద పరిశోధన దండగేనా?

హన్మకొండ స్కాలర్

అందరికీ నమస్తే. వచ్చే నెల పీహెచ్‌డీ సినాప్సిస్ ఇవ్వాలి. నా టాపిక్, మిర్చి మార్కెట్ సమాచారాన్ని ఆర్‌డీఎఫ్‌లో పెట్టి, దాని మీద సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు బేరం ఆడేలా చేయడం. మొన్న సెమినార్‌లో సగం చెప్పానో లేదో, వెనక నుంచి ఒక సార్ "ఆంటాలజీలు ఇంకా ఎవరు రాస్తున్నారు బాబూ? అదంతా ఎల్ఎల్ఎం చూసుకుంటుంది కదా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ సబ్జెక్టు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సెమాంటిక్ వెబ్ అంటే వెబ్‌లోని సమాచారాన్ని మెషిన్లకు కూడా అర్థమయ్యేలా గుర్తులు పెట్టి రాయడం. ఏజెంటు అంటే మన తరఫున పనులు చక్కబెట్టే సాఫ్ట్‌వేర్. ఎల్ఎల్ఎం అంటే చాట్‌జీపీటీ లాంటి వాటి వెనక ఉండే, భాషను చదివి రాసే మోడల్. ఆర్‌డీఎఫ్ అంటే ప్రతి సంగతినీ "ఫలానాది – ఫలానా సంబంధం – ఫలానాది" అని మూడు ముక్కల్లో రాయడం, వాటికి వెబ్ అడ్రస్ లాంటి గుర్తులు ఇవ్వడం. ఆంటాలజీ అంటే ఏ మాటకు ఏ అర్థమో ముందే రాసిపెట్టుకున్న ఒప్పందం. టాపిక్ మార్చుకోమంటారా? మొహమాటం లేకుండా చెప్పండి.

గచ్చిబౌలి రిటర్న్

మార్చుకో తమ్ముడూ. ఇంకా టైముంది.

2001 మే నెల సైంటిఫిక్ అమెరికన్‌లో టిమ్ బెర్నర్స్-లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లాసిలా కలిసి రాసిన వ్యాసం చదివే ఉంటావు. అందులో ఒక కథ: అమ్మకు ఫిజియోథెరపీ చేయించాలి. కూతురి ఏజెంటు ఇన్సూరెన్స్ చూసి, ఇంటికి 20 మైళ్ల లోపు మంచి రేటింగ్ ఉన్న క్లినిక్‌లు వెతికి, ఇద్దరు పిల్లల ఖాళీ టైములకు అపాయింట్‌మెంట్లు కుదురుస్తుంది. ఎంత బాగుంది! ఎన్నేళ్లయింది? మా అమ్మ మోకాళ్లకు ఇప్పటికీ నేనే ఫోన్ చేసి టోకెన్ రాయించుకుంటున్నా.

ఎందుకు జరగలేదంటే, ప్రతివాడూ తన పేజీని బుద్ధిగా, నిజాయితీగా గుర్తులు పెట్టి రాస్తాడని నమ్మారు. జనం బద్ధకస్తులని, అబద్ధాలు కూడా రాస్తారని రచయిత కోరీ డాక్టరో అదే ఏడాది చెప్పేశాడు. నేను పనిచేసిన ఒక కంపెనీలో "కస్టమర్" అనే ఒక్క మాటకు అర్థం తేల్చడానికి మూడు నెలలు మీటింగులు పెట్టాం. సేల్స్ వాళ్లకు ఫోన్ ఎత్తినవాడల్లా కస్టమరే. బిల్లింగ్ వాళ్లకు డబ్బు కట్టినవాడే కస్టమర్. చివరికి ఓ ఆంటాలజీ ఫైలు తయారైంది, దాన్ని తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడు ఎల్ఎల్ఎంకి రెండు టేబుళ్లూ చూపిస్తే తేడా అదే కనిపెడుతుంది.

కాజీపేట మాస్టారు

రిటర్న్ గారూ, చరిత్ర సగమే చెప్పారు.

సెమాంటిక్ వెబ్ చచ్చిపోలేదు, వేషం మార్చింది. 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి, వెబ్ పేజీల్లో పెట్టే గుర్తులకు ఉమ్మడి జాబితాగా స్కీమా డాట్ ఆర్గ్ పెట్టాయి. గూగుల్‌లో వంటకం వెతికితే పక్కనే వండే సమయం, రేటింగ్ కనిపిస్తాయి కదా, ఆ గుర్తులే. 2012లో వికీపీడియాకు తోడుగా వికీడేటా అనే సమాచార భాండారం వచ్చింది. అక్కడ ప్రతి వస్తువుకూ ఒక నంబరు, దాన్ని ఆర్‌డీఎఫ్‌లో దింపుకోవచ్చు, స్పార్కిల్ అనే ప్రశ్నల భాషతో అడగొచ్చు. చచ్చింది ఏమిటంటే, లోకమంతా ఒకే తర్కంలో ఒదిగిపోతుందన్న ఆశ.

ఏజెంట్ల సంగతి వేరు. దానికి వేరే ఇల్లు ఉంది. 1980లో రీడ్ స్మిత్ కాంట్రాక్ట్ నెట్ అనే పద్ధతి రాశాడు: ఒకడు పని ప్రకటిస్తాడు, మిగతావాళ్లు పాట పెడతారు, ఒకడికి దక్కుతుంది. 1996లో ఫిపా అనే ప్రమాణాల సంస్థ పుట్టి, ఏజెంట్లు మాట్లాడుకునే భాషకు ప్రమాణాలు పెట్టింది. మేము ఆ ప్రమాణాలతో ఏజెంట్లు కట్టే జేడ్ సాఫ్ట్‌వేర్ మీద పిల్లలతో ల్యాబులు చేయించేవాళ్లం. ఫిపా భాషలో "తెలియజేస్తున్నాను" అనే సందేశం పంపాలంటే, పంపేవాడు ఆ మాట నిజమని స్వయంగా నమ్మాలి. నమ్ముతున్నాడని మీకెలా తెలుస్తుంది? 1998లో ఏజెంట్ల పరిశోధకుడు మునీందర్ సింగ్ సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాడు: లోపలి నమ్మకాన్ని బయటివాడు పరీక్షించలేడు, ఇచ్చిన మాటకు కట్టుబడ్డాడా లేదా అన్నదే చూడగలం. ఎల్ఎల్ఎం ఏజెంటు ధీమాగా చెప్పే అబద్ధానికి కూడా ఇదే వర్తిస్తుంది.

యార్డు ముచ్చట

సార్లూ, నేను పీహెచ్‌డీ కాదు, డిగ్రీ. మా బాపు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తిదారు. మా ఇంట్లో ఏజెంటంటే సాఫ్ట్‌వేర్ కాదు, కమీషన్ ఏజెంటు. అందుకే ఈ చర్చ టైటిల్ చూసి లోపలికొచ్చిన.

పోయిన సీజన్‌లో మా దోస్తులం ఒక బాట్ కట్టినం. రోజూ పేపర్ల వార్తలు, మార్కెట్ పేజీలు చదివి, "ఈరోజు తేజ మిర్చి ధర ఇంత" అని రైతు ఫోన్‌కి మెసేజ్ పెట్టాలె. ఎల్ఎల్ఎం మస్తు చదివింది, తెలుగు కూడా బాగా రాసింది. నాలుగో రోజు ఒక పెద్దాయన ఫోన్ చేసి తిట్టిండు. మేం పంపిన రేటు చూసి ట్రాలీలో సరుకు నింపుకొని వచ్చిండట, బస్తా దించినంక క్వింటాకి మూడు వేలు తక్కువ పలికింది.

ఏం జరిగిందంటే, పేపర్ల వచ్చింది జెండా పాట. జెండా పాట అంటే పొద్దున మంచి సరుకున్న ఒక లాటు చూసి ఖరీదుదారులు పాట పాడతారు. ఆ రోజుకు అదే గరిష్ఠ రేటు. ఆ రేటు దక్కేది ఒకరిద్దరికి. మిగతా సరుకు రంగు, తేమ చూసి కిందికి పోతది. తాలు, అంటే రంగు పోయిన కాయ, అయితే సగం కూడా రాదు. మా బాట్‌కి అన్నీ "ధర"నే. ప్రభుత్వ పేజీల కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర (ఎక్కువ సరుకు పలికిన ధర) అని మూడు వరుసలుంటయి, పేపర్ల మాత్రం ఒక్కటే అంకె. బాట్ ఆ ఒక్కటి తీసుకుంది.

గచ్చిబౌలి రిటర్న్

ఇది ప్రాంప్ట్ తప్పు, అంటే ఎల్ఎల్ఎంకి మీరిచ్చిన సూచనల తప్పు. "జెండా పాట అంటే ఇది, మోడల్ ధర అంటే అది" అని నాలుగు లైన్లు రాస్తే సరిపోయేది.

కాజీపేట మాస్టారు

ఆ నాలుగు లైన్లనే ఆంటాలజీ అంటారు నాయనా. ఒక్క బాట్ ప్రాంప్ట్‌లో ఉంటే మీకు మాత్రమే తెలుస్తుంది. ఖమ్మంలో ఇంకో బాట్ కట్టేవాడు మళ్లీ నాలుగు లైన్లు రాసుకోవాలి, వాడి నాలుగు మీ నాలుగుతో కలవవు.

హన్మకొండ స్కాలర్

నాకూ ఇదే అనుమానం. ఎల్ఎల్ఎం ఏజెంట్ల కోసం ఎంసీపీ, ఏటూఏ అని రెండు ఒప్పందాల ప్రమాణాలు వచ్చాయి, మొదటిది 2024 నవంబరులో, రెండోది 2025 ఏప్రిల్‌లో. ఏజెంటు టూల్‌తో మాట్లాడటానికి ఒకటి, ఏజెంటు ఏజెంటుతో మాట్లాడటానికి ఇంకొకటి. ఎంసీపీలో టూల్‌కి ఇచ్చే వివరణ చూడండి. "ధర" అంకె అయి ఉండాలని, డేటా ఏ రూపంలో ఉండాలో చెప్పే జేసన్ స్కీమా గట్టిగా చెబుతుంది. అది ఏ ధర అన్నది మాత్రం మామూలు వాక్యంలో రాసి వదిలేస్తారు. గొట్టం బాగుంది, లోపల పారేది ఏమిటో రాయలేదు.

గచ్చిబౌలి రిటర్న్

సరే, ధర ఒప్పుకుంటా. కానీ ఊళ్లు, జిల్లాలు లాంటి మామూలు సంగతులకు ఎల్ఎల్ఎం చాలు కదా?

హన్మకొండ స్కాలర్

అన్నా, నా చేయి కాలింది సరిగ్గా అక్కడే! "వరంగల్ జిల్లా" అంటే ఏది?

2011 జనాభా లెక్కల వరంగల్ జిల్లా ఉమ్మడి జిల్లా. 2016 అక్టోబరు 11న దాన్ని విడదీసి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి చేశారు. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021 ఆగస్టులో అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ కాస్తా వరంగల్ అయింది. పేర్లతో ఆగారా అంటే అదీ లేదు, మండలాలు కూడా అటూ ఇటూ మారాయి. ఖిలా వరంగల్ ఇటొచ్చింది, పరకాల అటెళ్లింది. ఎన్ఐటీ వరంగల్ ఇప్పుడు వరంగల్ జిల్లాలో లేదు, చెప్తే మా బంధువులే నమ్మరు.

నేను పదేళ్ల పంట విస్తీర్ణం పట్టిక ఒక ఏజెంటుకిచ్చి గ్రాఫ్ గీయమన్నాను. వరంగల్‌లో మిర్చి సాగు 2016లో ఒక్కసారిగా కుప్పకూలిందని, దానికి చీడపీడలు, నీటి కొరత కారణాలని అర పేజీ విశ్లేషణ కూడా రాసిచ్చింది. కూలింది సాగు కాదు, జిల్లా.

గచ్చిబౌలి రిటర్న్

హహ. ఆ అర పేజీ దాచి పెట్టు, థీసిస్ మొదటి అధ్యాయం అదే.

అయినా ఒక మాట. ఒకటే వస్తువుకు రెండు పేర్లుంటే "ఇదీ అదీ ఒకటే" అని రాసే సేమ్‌యాజ్ లింకు మీవాళ్ల దగ్గర ఉంది కదా. అది ఎంత అడ్డదిడ్డంగా వాడారో నేను వికీపీడియా నుంచి తీసిన డీబీపీడియా డేటాతో పనిచేసినప్పుడు చూశా. ఊరినీ, ఊరి మున్సిపాలిటీనీ ఒకటే చేసేస్తారు. మనిషి రాసినా తప్పే, మెషిన్ రాసినా తప్పే.

యార్డు ముచ్చట

మా దగ్గర చపాటా అనే మిర్చి రకాన్ని టమాటా మిర్చి అని కూడా అంటరు. అది ఒకటే. వరంగల్ చపాటాకి 2025లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. కానీ అందులో సింగిల్ పట్టి, డబుల్ పట్టి ఉంటయి, అవి ఒకటే అని రాస్తే ఖరీదుదారు నవ్వుతడు.

కాజీపేట మాస్టారు

అందుకే స్కాలర్ బాబూ, మొత్తం వ్యవసాయానికి ఆంటాలజీ రాస్తానని సినాప్సిస్‌లో రాయకు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ వాళ్ల పదకోశం ఆగ్రోవాక్ ఉంది, పంటల పేర్లు అక్కడి నుంచి తీసుకో. జెండా పాట కోసం అక్కడ వెతకకు. నీ పని ఒక్క యార్డు, ఒక్క పంట, ఇరవై ముప్పై మాటలు. వాక్యాల్లో నుంచి వాస్తవాలు లాగే పని ఎల్ఎల్ఎంకి ఇవ్వు. లాగినదాన్ని, ఆర్‌డీఎఫ్ డేటా సరిగ్గా ఉందో లేదో చూసే షాకిల్ నియమాలతో వడకట్టు. ధర ఉండి అది ఏ రకం ధరో లేకపోతే బయటే ఆపు. 2001లో లేనిది మామూలు వాక్యాలు చదివి ఆ వాస్తవాలు లాగే సాధనం, ఇప్పుడు అది ఉంది.

గచ్చిబౌలి రిటర్న్

ఇరవై మాటలకు పీహెచ్‌డీ ఇస్తారా?

కాజీపేట మాస్టారు

"కస్టమర్" ఒక్క మాటకే మీకు మూడు నెలలు పట్టింది కదా.

హన్మకొండ స్కాలర్

ముచ్చట అన్నా, ఒక సందేహం. జెండా పాటని ధరలో ఒక రకంగా పెట్టుకున్నాను. కరెక్టేనా?

యార్డు ముచ్చట

కాదు తమ్ముడూ. జెండా పాట ధర కాదు, పాట. ఏ లాటు, ఎవరి సరుకు, ఎవరు పాడిండ్రు, ఎంతకి ఆగింది, అవన్నీ కలిస్తే జెండా పాట. ధర అందులో చివరికి మిగిలే అంకె.

హన్మకొండ స్కాలర్

అంటే అది సంఘటన అన్నమాట. మొత్తం మోడల్ మళ్లీ గీయాలి. ఎల్లుండి పొద్దున యార్డుకొస్తా, పాట మొదలయ్యేలోపు బాపును కలిపించు అన్నా.

యార్డు ముచ్చట

ఆరింటికల్లా రా. మాస్క్ తెచ్చుకో, మిర్చి ఘాటుకు మాట రాదు.