నిక్షయ్ డేటా: పోషణ డబ్బు అందిన క్షయ రోగుల్లో మరణాలు నిజంగానే తక్కువా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల 2019–2023 నిక్షయ్ (క్షయ రోగుల ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదు) రికార్డులతో ఎండీ థీసిస్ రాస్తున్నాను. నిక్షయ్ పోషణ్ యోజన (క్షయ రోగులకు పోషణ కోసం నెలనెలా డబ్బు ఇచ్చే పథకం) డబ్బు ఒక్కసారైనా అందినవాళ్లు, అసలు అందనివాళ్లు అని రెండు గుంపులు చేసి పోలిస్తే, మొదటి గుంపులో మరణాలు చాలా తక్కువగా వస్తున్నాయి. లాజిస్టిక్ రిగ్రెషన్‌లో (మరణంపై ఒక్కో అంశం ప్రభావాన్ని విడదీసి చూసే లెక్క) వయసు, లింగం, హెచ్‌ఐవీ, షుగర్ సర్దినా తేడా అలాగే ఉంది. ఇది పథకం ఫలితమేనని రాయొచ్చా? ఇంకొకటి: శ్రీకాకుళం, విశాఖ వెళ్లి మందులు మొదలుపెట్టినవాళ్లు కొందరు రెండు ఐడీలతో కనిపిస్తున్నారు. వీళ్లను కలిపేదెలా?

సర్వైవల్ టేబుల్ (బరంపురం):
రాయొద్దండి. డబ్బు అందాలంటే ముందు బతికుండాలి. మందులు మొదలైన 31వ రోజున పోయినవారికి 47వ రోజున జమయ్యే అవకాశమే లేదు, కాబట్టి ఆయన తప్పనిసరిగా ‘అందనివాళ్ల’లో పడతారు. అందినవాళ్లేమో డబ్బు వచ్చేదాకా చనిపోని రోజులన్నీ ఉచితంగా తమ గుంపులో వేసుకుంటారు. దీన్నే ఇమ్మోర్టల్ టైమ్ బయాస్ అంటారు. వయసు, షుగర్‌లాంటి కోవేరియెట్లు ఎన్ని సర్దినా ఇది పోదు, ఎందుకంటే లోపం కాలాన్ని లెక్కగట్టిన తీరులో ఉంది.

ఎక్స్‌పోజర్‌ను, అంటే డబ్బు అందిందా లేదా అన్నదాన్ని, కాలంతో మారేదిగా పెట్టండి. 47వ రోజున డబ్బు జమై, 110వ రోజున చనిపోయిన రోగికి రెండు వరుసలు ఉండాలి: 0–47 అందలేదు, మరణం 0, 47–110 అందింది, మరణం 1. 31వ రోజున పోయినవారికి ఒకటే వరుస: 0–31 అందలేదు, మరణం 1. ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో సర్వైవల్ ప్యాకేజీలోని టీమర్జ్ (tmerge) ఈ పని చేసిపెడుతుంది. తర్వాత కాక్స్ మోడల్ (మరణం ఎప్పుడు జరిగిందో కూడా లెక్కలోకి తీసుకునే రిగ్రెషన్).

తేదీ దగ్గర జాగ్రత్త. లబ్ధి తయారైన రోజు, ఆమోదించిన రోజు, బ్యాంకులో జమైన రోజు వేరువేరు. రోగి చేతికి వచ్చేది జమైన రోజునే, అదే తీసుకోండి. చికిత్స ఫలితం తేదీ దాటాక జమైనదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. 2024 నవంబరు నుంచి నెలకు 500 రూపాయలు కాస్తా 1000 అయింది గనుక మీ కోహార్ట్ (మీరు తీసుకున్న రోగుల గుంపు) 2023తో ఆగడం మంచిదే.

మహేంద్రతనయ:
60వ రోజున లాండ్‌మార్క్ పెడితే, అంటే ఆ రోజుకు బతికున్నవాళ్లను అప్పటికి డబ్బు అందిందా లేదా అని విడగొట్టి అక్కడి నుంచి లెక్కిస్తే, సరిపోదా? కమిటీకి వివరించడం సులువు.

సర్వైవల్ టేబుల్:
పెట్టొచ్చు, రెండో విశ్లేషణగా. క్షయలో మరణాలు మొదటి రెండు నెలల ఇంటెన్సివ్ ఫేజ్‌లోనే ఎక్కువ. 60వ రోజు నుంచి లెక్క మొదలుపెడితే వాటిని వదిలేసినట్టే. 30, 60 రెండూ చేసి పక్కపక్కన చూపండి.

ఇవన్నీ చేసినా ఒక చిక్కు మిగులుతుంది. ఖాతా లేనివారికి డబ్బు రాదు, ఖాతా లేనివారు ఎక్కువగా కొండ మీది ఊళ్లవారు, ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చేవారు. బరువు, ఊరి దూరం మీ ఫైల్‌లో లేకపోతే మిగిలిన తేడాను పథకానికి కట్టబెట్టడం రోగులకు మేలు చేయదు. 2020ని విడిగా చూడండి: దేశవ్యాప్తంగా నమోదు 2019లోని 24.04 లక్షల నుంచి 18.05 లక్షలకు పడిపోయింది. ఆ ఏడాది నమోదైనవారు, ముందటేడు నమోదైనవారు ఒకే రకం రోగులని అనుకోలేం.

లింకేజ్ (రాయగడ):
రెండు ఐడీల సంగతి. మన సరిహద్దులో పేర్లే అసలు సమస్య. ఆంధ్రా వైపు ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంగా. ఒడిశా వైపు చివర, పూర్తిగా. ‘వెంకట’ ఒడియా నోట ‘బెంకట’ అవుతాడు. సౌండెక్స్ (పేరును పలికే తీరును బట్టి కోడ్‌గా మార్చే పద్ధతి) మొదటి అక్షరాన్ని అలాగే ఉంచేస్తుంది గనుక ఒకచోట వీ523, ఇంకోచోట బీ523 వచ్చి జత కుదరదు. ‘లక్ష్మి’ని ఎక్స్‌తో రాసినా కేఎస్‌హెచ్‌తో రాసినా ఎల్250 వస్తుంది, దానితో ఇబ్బంది లేదు. అందుకే ముందు ఇంటిపేరును విడదీయండి, మొదటి అక్షరం వీ అయితే బీగా మార్చండి, ఆ తర్వాత జారో-వింక్లర్ (రెండు పేర్లు ఎంత దగ్గరో చెప్పే కొలత) వాడండి. వయసు సరిగ్గా కలవాలని పట్టుబట్టొద్దు. 40, 45, 50 దగ్గర వయసులు గుమిగూడతాయి, రెండు మూడేళ్ల తేడా ఒప్పుకోండి. ఫోన్ నంబరు కలిస్తే మంచి ఆధారమే, కానీ ఇంట్లో ఇద్దరికి ఒకే నంబరు ఉంటుంది.

కలిపినవాటిలో 200 జతలు తీసి ట్రీట్‌మెంట్ కార్డులతో చేత్తో పోల్చండి. 190 సరిపోతే 95 శాతం, విశ్వాస అంతరం సుమారు 91 నుంచి 97. ఆ అంకె థీసిస్‌లో ఉండాలి. రిపోర్టింగ్‌కు 2015 నాటి రికార్డ్ (RECORD) అనే మార్గదర్శకాల్లో లింకేజ్ (రికార్డులు జతకలపడం) గురించి ఏం అడిగారో చూసి రాయండి.

డెన్మార్క్ పేపర్ల పద్ధతి యథాతథంగా తెచ్చుకోవద్దు. అక్కడ 1968 నుంచి ప్రతి మనిషికీ సీపీఆర్ నంబరు (జనాభా రిజిస్టర్‌లోని గుర్తింపు సంఖ్య), 1977 నుంచి జాతీయ రోగుల రిజిస్ట్రీ ఉన్నాయి. చనిపోయినా, దేశం విడిచినా తేదీతో తెలుస్తుంది. ఇక్కడ రికార్డు ఆగిందంటే మనిషి బతికున్నాడని కాదు. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లినవారు ‘లాస్ట్ టు ఫాలో-అప్’ (చికిత్స మధ్యలో ఆచూకీ లేనివారు) అవుతారు, వాళ్లను మామూలుగా సెన్సార్ చేయడం (రికార్డు ఆగిన చోటే లెక్క ఆపి, మిగతావారిలాంటివారే అనుకోవడం) సరికాదు. వాళ్లందరూ బతికున్నారని ఒకసారి, పోయారని ఒకసారి లెక్కగట్టి రెండు హద్దులూ చూపండి. శీర్షికలో కూడా ‘చికిత్స కాలంలో మరణం’ అనే రాయండి. చికిత్స పూర్తయ్యాక పోయినవారు ఈ ఫైల్‌లో దొరకరు.

సర్వైవల్ టేబుల్:
అనుమతి విషయం కూడా. జతలు కలపడానికి పేర్లు కావాలి, కాబట్టి ‘అజ్ఞాత డేటా’ అని చెప్పి సమ్మతి మినహాయింపు అడగడం కుదరదు. కలిపే పని జిల్లా టీబీ కార్యాలయంలోనే జరుగుతుందని, మీ చేతికి క్రమసంఖ్యలున్న ఫైల్ మాత్రమే వస్తుందని ప్రోటోకాల్‌లో స్పష్టంగా రాయండి. కాలేజీ ఎథిక్స్ కమిటీకీ, రాష్ట్ర టాస్క్‌ఫోర్స్ ఆపరేషనల్ రీసెర్చ్ కమిటీకీ అదే ప్రతి పంపండి. శ్రీకాకుళం వైపు రికార్డులు కావాలంటే ఆంధ్ర రాష్ట్ర టీబీ విభాగం అనుమతి వేరుగా కావాలి, ఆ ఉత్తరం ముందే పెట్టండి.